లాగ్‌లకు రంగు వేయడంలో ఏది మేలు: జర్నల్‌సీటీఎల్, సీసీజెడ్‌ఈ, గ్రెప్, ఎల్‌నావ్

లినక్స్ సర్వర్‌లో లాగ్‌కు, అంటే ప్రోగ్రామ్‌లు తమలో జరిగేవి రాసుకునే చిట్టాకు, రంగు వేసే పనిముట్లను పోల్చేటప్పుడు నేను మొదట చూసేది ఒకటే: ఈ వాక్యం ఎరుపని దానికి ఎలా తెలిసింది?

లాగ్ సందేశాలు ఎలా ఉండాలో చెప్పే సిస్‌లాగ్ ప్రమాణంలో ప్రతి సందేశానికీ 0 నుంచి 7 వరకు ఒక తీవ్రత అంకె ఉంటుంది. 0 అంటే యంత్రమే పనికిరాని స్థితి, 3 ఎర్రర్, 4 వార్నింగ్, 7 డీబగ్. పాత పద్ధతి లాగ్ ఫైలులోకి చేరేసరికి ఆ అంకె రాలిపోతుంది, తేదీ, యంత్రం పేరు, ప్రోగ్రామ్ పేరు, సందేశం మాత్రమే మిగులుతాయి. లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ తన సొంత లాగ్ అయిన జర్నల్‌లో ఆ అంకెను భద్రపరుస్తుంది. అందుకే ఆ జర్నల్‌ను చదివి చూపే జర్నల్‌సీటీఎల్ ఎర్రర్‌ను, అంతకు మించినవాటిని ఎరుపులో, వార్నింగ్‌ను పసుపులో, డీబగ్‌ను బూడిద రంగులో చూపగలదు. మామూలు సమాచారానికి రంగే వేయదు. ఆ నిగ్రహం నాకు చాలా ఇష్టం. తెరంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ఒక్క ఎర్ర గీత కంటికి తగులుతుంది.

సీసీజెడ్‌ఈ దీనికి పూర్తిగా విరుద్ధం. ఫైలు చివరి వాక్యాలను చూపే టెయిల్ నుంచి వచ్చేవాటిని దానికి అందిస్తే తేదీకొక రంగు, ప్రోగ్రామ్ పేరుకొక రంగు, అంకెలకొక రంగు వేస్తుంది. తీవ్రత అంకె దాని చేతిలో లేదు కనుక మాటలను చూసి ఊహిస్తుంది. ‘0 ఎర్రర్లు’ అన్న శుభవార్తలోనూ ‘ఎర్రర్’ అన్న మాట ఉంటుంది కదా! మొదటి రోజు ముచ్చటగా అనిపిస్తుంది, వారం తిరిగేసరికి కన్ను ఆ రంగులన్నిటినీ పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని నేను వదిలేశాను.

అలాగని జర్నల్‌సీటీఎల్‌ను గుడ్డిగా నమ్మకూడదు. ఈ సంగతి నేను ఒక రాత్రి తెలుసుకున్నాను. మా జావా ప్రోగ్రామ్ డేటాబేస్‌ను అందుకోలేక వందల ఎర్రర్లు రాస్తోంది, తెర మీద మాత్రం ఒక్క ఎర్ర గీతా లేదు. ఎర్రర్లు మాత్రమే చూపమని అడిగితే ఖాళీ. కారణం తర్వాత తెలిసింది. ప్రోగ్రామ్ తన మామూలు అవుట్‌పుట్‌లోకి రాసే ప్రతి వాక్యాన్నీ, మొదట్లో స్థాయి గుర్తు లేకపోతే, సిస్టమ్‌డీ 6వ స్థాయిగా, అంటే వట్టి సమాచారంగా నమోదు చేస్తుంది. మిగతా వాక్యంలో ఏమని రాసి ఉందో చూడదు. వాక్యం మొదట కోణాకార బ్రాకెట్లలో 3 అని రాయించాక రంగు సరిగ్గా వచ్చింది.

ప్రోగ్రామ్‌ను మార్చే వీలు లేకపోతే, మాటలను వెతికే గ్రెప్ ఉంది. వెతికే మాట పక్కన నిలువు గీత, దాని తర్వాత డాలర్ గుర్తు పెట్టి, విస్తరించిన నమూనాగా (-E తో) ఇవ్వాలి. డాలర్ అంటే వాక్యం చివర. చివర లేని వాక్యం ఉండదు కనుక ఏదీ జారిపోదు, రంగు మాత్రం మీరు అడిగిన మాటకే పడుతుంది. కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఏం వెతకాలో ముందే తెలిసినప్పుడు దీన్ని మించినది లేదు.

తెలియనప్పుడు, లాగ్‌లు చదవడానికే చేసిన ఎల్‌నావ్. వెబ్ సర్వర్ లాగ్, సిస్టమ్ లాగ్, అప్లికేషన్ లాగ్ మూడూ ఇస్తే కాలక్రమంలో కలిపి ఒకే తెర మీద పరుస్తుంది. తనకు తెలిసిన ఫార్మాట్ అయితే ఆ వాక్యంలో స్థాయి ఎక్కడుందో చూసి రంగు వేస్తుంది. ఒక మీట నొక్కితే తర్వాతి ఎర్రర్‌కు వెళుతుంది. డేటాబేస్‌లను అడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో ప్రశ్నలు కూడా వేయవచ్చు. ప్రమాదం జరిగిన మర్నాడు కూర్చుని కారణం తవ్వేవారికి నా ఓటు దీనికే. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది, పట్టనివ్వండి.

కొందరు ఇవేవీ వద్దని ప్రోగ్రామ్ చేతే రంగు కోడ్‌లను ఫైలులోకి రాయిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎర్రర్ అన్న మాటకు ముందు ఎస్కేప్ అక్షరం, చదరపు బ్రాకెట్, 31 వచ్చి చేరతాయి. ఆ మాటతో మొదలయ్యే వాక్యాలను వెతికితే ఒక్కటీ దొరకదు. ఫైలును పేజీలుగా చూపే లెస్‌లో తెరిస్తే, కోడ్‌లను రంగులుగా చూపమని విడిగా చెప్పేదాకా, పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా గుర్తించలేని సహోద్యోగికి ఆ రంగులు మార్చుకునే దారీ ఉండదు. ఫైలులో స్థాయి పేరు అక్షరాల్లో ఉంటే చాలు, రంగు చదివేవారి తెర మీదే పడాలి.