బరంపురం ఉప్పుగాలి, గుల్‌మర్గ్ మంచు: మంచు చరియల బీకన్ కొన్నేళ్లు వాడాక

మంచు చరియ కింద పూడిన మనిషిని సిగ్నల్‌తో వెతికిపట్టే మూడు యాంటెన్నాల డిజిటల్ బీకన్, మంచులో గుచ్చి చూసే 280 సెంటీమీటర్ల మడత కడ్డీ (ప్రోబ్), అల్యూమినియం పార. చలికాలంలో కొన్నాళ్లు గుల్‌మర్గ్‌లో పని, మిగతా ఏడాదంతా బరంపురంలో అలమరలో నిద్ర. బీకన్‌కి చలి కంటే గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలితోనే ముప్పు ఎక్కువ.

సీజన్ అయిపోగానే సెల్స్ తీసేయాలి. దీనికి మూడు సన్న పెన్సిల్ సెల్స్, అదీ ఆల్కలైన్‌వే. రీచార్జబుల్ సెల్ వోల్టేజీ నిలకడగా ఉండి చివర్లో దభాలున పడిపోతుంది కాబట్టి తెర మీద చూపే శాతాన్ని నమ్మలేం. వానాకాలమంతా సెల్స్ లోపలే ఉంటే కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాస్తే కాంటాక్టులు ఇప్పటికీ మెరుస్తున్నాయి. ప్రోబ్ లోపలి తీగనూ ఆరబెట్టాకే మడవాలి.

మంచు లేదని సాధన మానకండి. ఒకరు ఇంకో బీకన్‌ని సెండ్‌లో (సిగ్నల్ పంపే స్థితిలో) పెట్టి, సంచిలో కట్టి, గోపాల్‌పూర్ బీచ్‌లో అలలు తాకని పొడి ఇసుకలో పాతాలి. తడి ఉప్పు ఇసుక 457 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ని మింగేస్తుంది. కరెంటు తీగల కిందైతే అంకెలు ఇష్టమొచ్చినట్టు గెంతుతాయి. వెతికే బీకన్ తెర మీద 3 (మీటర్లు) కనబడగానే నడక తగ్గించి, బీకన్‌ని నేలకు ఆనించినంత కిందికి దించండి. దాన్ని తిప్పకుండా ముందుకూ వెనక్కూ, తర్వాత అడ్డంగా జరిపి, అతి తక్కువ అంకె వచ్చిన చోటు పట్టాలి. అక్కణ్నుంచి 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్లు చుట్లుగా ప్రోబ్ గుచ్చుతూ పోవాలి, వాలుకు లంబంగా. తగిలిన ప్రోబ్‌ని పీకకూడదు. వాలుకు కింది వైపు నుంచి తవ్వాలి. ఆ తవ్వకం మాత్రం ఇసుకలో అలవడదు. ఆగిన చరియ గట్టిపడిపోతుంది, ప్లాస్టిక్ పారలు విరుగుతాయి. పది నిమిషాలు దాటితే పూడిన మనిషి బతికే అవకాశం త్వరత్వరగా తగ్గిపోతుంది.

ఫోన్‌ని బీకన్‌కి, అది సెండ్‌లో ఉన్నప్పుడు 20, వెతుకుతున్నప్పుడు 50 సెంటీమీటర్ల దూరం ఉంచాలి. అయస్కాంతం బొత్తాల జాకెట్ వద్దు. బీకన్ ఒంటికి పట్టీతో ఉండాలి, బ్యాగులో కాదు.

డిసెంబరులో వెళ్లేవాళ్లు ఇది గమనించాలి. పలచటి మంచు మీద తేటాకాశపు చలి రాత్రులు గడిస్తే నేలనంటిన పొర పంచదారలా పొడిపొడిగా మారుతుంది. ఆపైన ఒక్కసారిగా భారీ మంచు కురిస్తే ఆ పొర మోయలేదు. కాలి కింద ‘ధబ్’మని కుంగినా, స్కీల ముందు పగులు పాకినా అక్కడే ఆగాలి, 30 డిగ్రీల లోపు వాలుకి, అదీ పైన నిట్రవాలు లేని చోటికి మళ్లాలి. పలచటి మంచులో చరియ మనిషిని బండల మీదికి ఈడుస్తుంది, ఆ దెబ్బలకు బీకన్ చేయగలిగిందేమీ లేదు. గొండోలా (కేబుల్ కారు) రెండో దశ దిగాక స్కీ గస్తీవాళ్లు తిరిగే హద్దు దాటేముందు ఆ రోజు చరియల హెచ్చరిక అడిగి తెలుసుకోండి. బీకన్ ఒకరికే ఉంటే వృథా. గుంపులో అందరికీ ఉండాలి, పొద్దున్నే ఒక్కొక్కరినీ నడిపించి సెండ్ పనిచేస్తోందో లేదో చూడాలి.