పర్మనెంట్ లోక్ అదాలత్: కోర్టు ఫీజూ లేదు, అప్పీలూ లేదు

లోక్ అదాలత్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది శనివారం పూట కోర్టు ఆవరణలో జరిగే రాజీల జాతర. అది వేరు, ఇది వేరు. అక్కడ ఎదుటి పార్టీ ఒప్పుకోకపోతే ఫైలు వెనక్కి పోతుంది. పర్మనెంట్ లోక్ అదాలత్‌లో మాత్రం రాజీ కుదరకపోయినా బెంచే తీర్పు చెప్పేస్తుంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టానికి 2002లో చేసిన సవరణ ఇచ్చిన అధికారమిది.

బెంచ్‌లో ముగ్గురుంటారు: జిల్లా జడ్జి స్థాయి ఛైర్మన్, ప్రజోపయోగ సేవల్లో అనుభవమున్న ఇద్దరు సభ్యులు. కరెంటు, నీళ్లు, పారిశుధ్యం, ఫోను, పోస్టు, రవాణా, ఆసుపత్రి, ఇన్సూరెన్స్ తగాదాలు కోటి రూపాయల వరకు వింటారు. బ్యాంకింగ్, రియల్ ఎస్టేట్ తర్వాత చేరాయి. పొలం గట్టు పంచాయితీలు, చేబదుళ్లు ఇక్కడ నడవవు.

వకీలు తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద తెలుగులో రాసిచ్చినా సరే, ఏం జరిగింది, ఎంత రావాలి, వడ్డీ ఎప్పటినుంచి అన్న మూడూ స్పష్టంగా ఉండాలి. వడ్డీ అడగడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. అర్జీ, కాగితాల సెట్లు ఎదుటి పార్టీలు ఎందరుంటే అన్ని, పైన బెంచ్‌కి ఒకటి తీసుకెళ్లండి.

హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ సంగతే చూడండి. పాలసీ, తిరస్కరణ లేఖ, బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ కావాలి. కేసు ఎక్కువగా దెబ్బతినేది ఆ సమ్మరీలోనే. డ్యూటీ డాక్టరు హడావిడిలో 'పదేళ్లుగా బీపీ' అని రాసేస్తే, జబ్బు దాచి పాలసీ తీసుకున్నారని కంపెనీ ఆ ఒక్క ముక్కనే పట్టుకుంటుంది. అది పొరపాటైతే ఆసుపత్రి నుంచి సవరణ లేఖ తెచ్చుకున్నాకే పిటిషన్ వేయండి. అలాగే, కట్టిన పాలసీ మధ్యలో ఆగకుండా అరవై నెలలు నిండితే, మోసం రుజువు చేస్తే తప్ప ఈ వాదన చెల్లదన్న ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) నిబంధనను పిటిషన్‌లోనే ఎత్తి రాయండి.

ముందు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి బెంచ్ రాజీకి ప్రయత్నించాలి. ఎదుటివాళ్లు రాకపోయినా ఈ మెట్టు దాటేయడానికి వీల్లేదని 2022లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కంపెనీ రాలేదు కదా, వెంటనే తీర్పివ్వండని తొందరపెట్టకండి. అలా వచ్చిన అవార్డు (ఇక్కడి తీర్పును అలాగే అంటారు) హైకోర్టులో నిలవదు.

అప్పీలు లేకపోవడం రెండువైపులా కోసే కత్తే. మిగిలేది హైకోర్టులో రిట్ (తీర్పు చట్టప్రకారం ఉందా లేదా అని ప్రశ్నించే పిటిషన్) ఒక్కటే. అందుకే వైద్య నిర్లక్ష్యం లాంటి, నిపుణుల సాక్ష్యం కావలసిన పెద్ద కేసులకు వినియోగదారుల కమిషనే మేలు. కరెంటు బిల్లు, క్లెయిమ్ బాకీ లాంటి కాగితాల మీద తేలేవాటికి మాత్రం దీన్ని మించింది లేదు. రెండుచోట్లా ఒకేసారి వేయకూడదు. ముందే వేరే కోర్టుకెక్కిన వివాదాన్ని ఇక్కడ తీసుకోరు.

పెద్ద లోటు దూరం. కొత్త జిల్లాలవాళ్లు పాత జిల్లా కేంద్రానికి తిరగాల్సి రావచ్చు. బయల్దేరేముందు న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక అవార్డు వచ్చినా కంపెనీ కట్టకపోతే సివిల్ కోర్టులో ఈపీ (తీర్పు అమలు చేయించమని కోరే పిటిషన్) వేయాల్సిందే. అవార్డులో కంపెనీ పేరు, చిరునామా పాలసీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా పడ్డాయో లేదో కాపీ చేతికిచ్చిన చోటే చూసుకుని కదలండి.