నయాగరా గట్టున 86 ఎంబీ: ఒక రోమింగ్ ప్యాకుతో మూడు ప్రయాణాలు

2019 నుంచి ఇప్పటికి మూడుసార్లు అమెరికా వెళ్లి వచ్చాము. మా అమ్మాయి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటుంది, వెళ్లిన ప్రతిసారీ నాలుగైదు నెలలు అక్కడే ఉంటాము. మూడుసార్లూ నా పోస్ట్‌పెయిడ్ నంబరు మీద మన దేశపు టెలికాం కంపెనీ ఒకటి అమ్మే అంతర్జాతీయ రోమింగ్ ప్యాకు వేయించుకునే విమానం ఎక్కాను. ఉన్నన్ని రోజులకూ కాదు, దిగిన తరవాత మొదటి నెలకు ఒకటి, ఊళ్లు తిరిగే నెలకు ఒకటి. ఎంత ధరకు ఎన్ని జీబీలు, ఎన్ని నిమిషాలు అన్న వివరాలు ఎవరి యాప్‌లో వారు చూసుకోవచ్చు, అవి ఎలాగూ తరచుగా మారుతుంటాయి. నేను రాయదలచుకున్నది ఒక్క విషయం గురించే: ప్యాకు వర్తించే దేశంలోనే మనం ఉన్నా, ఫోను పక్క దేశపు టవరును పట్టుకున్నప్పుడు డేటా ఆగిపోకుండా, ఎంబీకి ఇంత చొప్పున కొత్త లెక్క మొదలుపెట్టి నడుస్తూనే ఉండడం. ఏళ్లు గడిచినా ఆ బాధ నాకు తగ్గలేదు.

మొదటి ప్రయాణంలో ఈ ప్యాకు నాకు ఎంతో నచ్చిన మాట నిజం. నెవార్క్‌లో విమానం ఆగి, ఫ్లైట్ మోడ్ తీసిన రెండు మూడు నిమిషాల్లోనే నెట్‌వర్కు వచ్చింది. ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి ఉండగానే క్షేమంగా దిగామని అమ్మాయికి వాట్సాప్‌లో చెప్పగలిగాను. కొత్త సిమ్ కొనుక్కోవడం, కొత్త నంబరు అందరికీ తెలియజేయడం అనే బెడద లేదు. రాజమండ్రిలోని పెన్షన్ ఖాతా, ఇంటి కరెంటు బిల్లు, గడువు తీరిన డిపాజిట్లను తిరిగి వేయడం, ఇవన్నీ పాత నంబరుకు వచ్చే ఓటీపీ మీదే నడుస్తాయి కాబట్టి, ఆ నంబరు అక్కడ కూడా పనిచేస్తూ ఉండడం మా వయసువారికి పెద్ద ధైర్యం. దానికి తోడు అనుకోని సౌకర్యం ఒకటి కనిపించింది. రోమింగ్‌లో ఉన్న ఫోను వాడే డేటా సాధారణంగా మన దేశంలో ఉన్న మన కంపెనీ గేట్‌వే, అంటే ఇంటర్నెట్‌కు తెరుచుకునే ద్వారం, దాకా వచ్చి, అక్కడినుంచే ఇంటర్నెట్‌లోకి వెళుతుంది. అందువల్ల ఎడిసన్‌లో కూర్చుని తెరిచినా బ్యాంకు యాప్, తెలుగు చానళ్ల యాప్‌లు మేము ఇంట్లో ఉన్నట్టే తెరుచుకున్నాయి. తిరిగి వచ్చాక పిల్లల దగ్గరికి బయలుదేరుతున్న కనీసం పదిమందికి ఈ ప్యాకు వేయించుకోమని చెప్పాను.

ఆ సిఫారసును ఇప్పుడు కొంత సవరించుకోవలసి ఉంది. ఓటీపీలు అందుకోవడానికి అసలు ప్యాకే అవసరం లేదని నాకు రెండో ప్రయాణంలో గాని తెలియలేదు. నంబరు మీద అంతర్జాతీయ రోమింగ్ సౌకర్యం తెరిచి ఉంటే చాలు, వచ్చే ఎస్సెమ్మెస్‌లకు మా కంపెనీ రుసుమేమీ తీసుకోదు. నేను మెచ్చుకున్న ఆ గేట్‌వే దారి కూడా రెండు వైపులా పదునున్నదే. అమెరికాలో అడిగిన మ్యాపు మన దేశం దాకా వచ్చి తిరిగి వెళ్లవలసి రావడంతో, మాన్‌హట్టన్ వీధుల్లో తిరగవలసిన మలుపు దాటిపోయాక గాని మ్యాపు కదిలేది కాదు. అల్లుడుగారి ఫోనులో అదే మ్యాపు చేతివేలు వెంట పరుగెత్తేది. ఇవి ఓర్చుకోదగ్గ విషయాలే. ఓర్చుకోలేనిది 2022 జూన్‌లో జరిగింది.

ఎడిసన్ నుంచి ఆరేడు గంటలు కారులో వెళ్లి, రాత్రి బఫెలోలో బస చేసి, మర్నాడు ఉదయం నయాగరా చేరాము. అమెరికా వైపు గోట్ ఐలాండ్ అని ఒక లంక ఉంది. ఆ లంక కొసన టెర్రాపిన్ పాయింట్ అనే చోట కమ్మీ పట్టుకుని నిలబడితే, గుర్రపు లాడం ఆకారంలో ఉండే పెద్ద జలపాతం అంచు మన కాళ్ల పక్కనే ఉన్నట్టుంటుంది. ఆకుపచ్చని నీరు మందంగా, నున్నగా వంగి, ఒక్కసారిగా తెల్లగా విరిగి కిందికి పోతుంది. ఎదురుగా, ఆ తుంపర తెర వెనక, కనిపించే హోటళ్లూ ఎత్తయిన గోపురమూ కెనడావి. గోదావరి గట్టున పుట్టి పెరిగినవాళ్లకు నీళ్లు కొత్త కాదు, వరద కొత్త కాదు. ధవళేశ్వరం దగ్గర తలుపులన్నీ ఎత్తినప్పటి హోరు చిన్నప్పటినుంచి విన్నదే. అయినా అక్కడ నిలబడితే మాట రాలేదు.

అప్పుడు ఉదయం పదకొండు గంటలు, అంటే రాజమండ్రిలో రాత్రి ఎనిమిదిన్నర. మా అక్కయ్యకు డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులతో వీధి గుమ్మం దాటి రావడమే కష్టం. ఆవిడ భోజనం ముగించి కూర్చునే వేళ అది. వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి, ఫోనును జలపాతం వైపు తిప్పి పట్టుకున్నాను. ‘ఏరా తమ్ముడూ, ఆ పొగేమిట్రా?’ అని అడిగారు. పొగ కాదక్కా, నీళ్లు కిందపడి లేచే తుంపర అని చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, అంచు దగ్గరికి పోకు, వెనక్కి జరుగు అని రెండుసార్లు అన్నారు. పిల్లలను పిలిచి చూపించమని కోడలికి చెప్పారు, వాళ్లు వచ్చేదాకా నేను ఫోను పట్టుకునే ఉన్నాను. మొత్తం పద్నాలుగు నిమిషాలు. ఆ వెంటనే ఏడెనిమిది ఫొటోలు కుటుంబం గ్రూపులో పెట్టాను.

కారు దగ్గరికి నడిచి వచ్చి ఫోను చూసుకుంటే ‘కెనడాకు స్వాగతం’ అంటూ మా కంపెనీ పంపిన ఎస్సెమ్మెస్ ఉంది. దాని కింద, నా ప్యాకు ఈ దేశంలో వర్తించదనీ, డేటాకు మామూలు రోమింగ్ ధర పడుతుందనీ ఇంకొకటి ఉంది. రెండూ నేను అక్కయ్యతో మాట్లాడుతుండగా వచ్చినవే. వీడియో కాల్‌లో ఉన్న మనిషి, ఫోనును తనకు దూరంగా జలపాతం వైపు తిప్పి పట్టుకున్న మనిషి, ఆ ఎస్సెమ్మెస్‌ను ఎలా చదువుతాడు? నదికి అటూ ఇటూ ఒకటే సమయం కాబట్టి గడియారం మారి అనుమానం కలిగే అవకాశం కూడా లేదు. నేను ఆ రోజు ఒక్క అడుగు కూడా అమెరికా దాటలేదు. నెలాఖరున బిల్లు వచ్చింది: 86 ఎంబీ, జీఎస్టీ 18 శాతం కలిపి 11 వేల రూపాయల పైచిలుకు. ఇక్కడ నా ప్లానులో రోజుకు 2 జీబీ వస్తుంది. అందులో 86 ఎంబీ అంటే ఇరవయ్యో వంతు కూడా కాదు.

ఇది ఎలా జరుగుతుందో తరవాత ఓపికగా తెలుసుకున్నాను. రోమింగ్‌లో ఉన్న ఫోను తనకు అనుమతి ఉన్న నెట్‌వర్కుల్లో దొరికినదాని మీద నమోదవుతుంది. ఆ నెట్‌వర్కు ఏ దేశానిదైనా, మన కంపెనీకి దానితో ఒప్పందం ఉంటే చాలు. టవరు సిగ్నలు సరిహద్దు దగ్గర ఆగదు, పైగా నదికి అవతలి గట్టు మీద ఆటంకమేమీ లేకుండా కెనడా టవర్లు ఎదురుగా ఉన్నాయి. ఒకసారి అలా పట్టుకున్న నెట్‌వర్కును, సిగ్నలు పోయేదాకా, ఫోను అంత తేలికగా వదలదు. ఇంతవరకు ఎవరి తప్పూ లేదు. కాని ధర విషయానికి వస్తే సంగతి వేరు. నాకు పది అడుగుల దూరంలో నిలబడి మా అమ్మాయి కూడా తన స్నేహితురాలికి వీడియో కాల్ చేసింది. తన ఫోనూ కెనడా నెట్‌వర్కునే పట్టుకుందని ఆ రాత్రి హోటల్లో చూసుకుని చెప్పింది. అమెరికాలోని చాలా ప్లానుల్లో ఉన్నట్టే తన ప్లానులోనూ కెనడా, మెక్సికో కలిసే ఉన్నాయి కాబట్టి తనకు ఒక్క సెంటు కూడా అదనంగా పడలేదు. ఒకే గట్టు, ఒకే గంట, ఒకే రకమైన కాలు. తేడా వచ్చింది కంపెనీకీ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందంలో, ఆ పైన కంపెనీ మన దగ్గర వసూలు చేసే ధరలో. విదేశంలో డేటా ఖరీదు అన్నప్పుడు సాంకేతిక ఖర్చు వల్లనే అని ఇన్నాళ్లూ నమ్మిన నేను ఆ రోజునుంచి నమ్మడం మానేశాను.

ఫిర్యాదు చేశాను. మీ ఫోను కెనడా నెట్‌వర్కులో నమోదైంది, మీరు ఏ గట్టున ఉన్నారన్నది మా రికార్డుల్లో తెలియదు, ముందే ఎస్సెమ్మెస్ పంపాము అని కాల్ సెంటరు వారు మర్యాదగానే జవాబిచ్చారు. టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలోనూ ఫిర్యాదుల కేంద్రానికి పైన, అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీ ఒకటి ఉండాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలుసుకుని వాడుకోవాలి. నేను ఫిర్యాదు నంబరు, గోట్ ఐలాండ్ పార్కింగ్ రసీదు, బఫెలో హోటలు బిల్లు జతచేసి అప్పీలు పెట్టాను. చివరికి సగానికి కొంచెం తక్కువ మొత్తాన్ని తరవాతి బిల్లులో తగ్గించారు. అది హక్కుగా కాదు, పాత ఖాతాదారు అన్న గౌరవంతో చేసిన సర్దుబాటు అని ఉత్తరంలో ప్రత్యేకంగా రాశారు. డబ్బు కొంత వెనక్కి వచ్చినందుకు సంతోషమే గాని ఆ వాక్యం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నేను కోరుతున్నది అసాధ్యమైనదేమీ కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2010 జులై నుంచే రోమింగ్ డేటాకు పరిమితి ఉంది: వినియోగదారుడు వద్దని చెబితే తప్ప, పన్ను కాక 50 యూరోల దగ్గర డేటాను కంపెనీయే ఆపివేయాలి. 2012 జులైలో ఆ రక్షణను యూనియన్ వెలుపల తిరిగేవారికి కూడా వర్తింపజేశారు. 2017 జూన్ 15 నుంచైతే యూనియన్ దేశాల మధ్య విడి రోమింగ్ రుసుములే తీసివేశారు. అంత దూరం మనవాళ్లు వెళ్లనక్కరలేదు. ప్యాకు వర్తించని నెట్‌వర్కు దొరికినప్పుడు డేటాను దానంతట అదే ఆపి, ‘కావాలంటే ఇది నొక్కండి’ అని అడిగితే చాలు. అనుమతి అడగకుండా మొదలుపెట్టి, సమాచారం ఇచ్చాము కదా అనడం సరైన పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం.

మూడోసారి, 2024లో, మా బావమరిది దంపతులు కూడా వచ్చారు, వాళ్లకోసం మళ్లీ నయాగరా వెళ్లాము. ఈసారి బఫెలో దాటకముందే సెట్టింగుల్లో నెట్‌వర్కును ఆటోమేటిక్‌గా ఎంచుకునే మీట తీసివేసి, జాబితాలోనుంచి అమెరికా నెట్‌వర్కు ఒకదాన్ని చేత్తో ఎంచుకున్నాను, డేటా రోమింగ్ కూడా ఆపేశాను. టెర్రాపిన్ పాయింట్ దగ్గరికి నడుస్తుంటే సిగ్నలు గీతలు ఒక్కొక్కటే తగ్గి, కమ్మీ దగ్గరికి చేరేసరికి ‘నో సర్వీస్’ అని వచ్చింది. జీవితంలో ఆ మాట చూసి అంత నిశ్చింతగా ఎప్పుడూ లేను. అయితే ఈ ఉపాయంలోనూ ఒక చిక్కు ఉంది, చెప్పడం నా బాధ్యత. చేత్తో ఎంచుకున్న నెట్‌వర్కు కోసమే ఫోను వెతుకుతూ ఉంటుంది కాబట్టి, తిరుగు ప్రయాణంలో దోహాలో నాలుగు గంటలు, శంషాబాద్‌లో దిగాక మరో అరగంట, మా బావమరిది కొడుకు చూసి మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టేదాకా, నా ఫోను మూగబోయి ఉంది. బయట కారు డ్రైవరు మాకోసం పలుమార్లు ఫోను చేసి విసిగిపోయాడు. విమానం ఎక్కేముందే ఆ సెట్టింగు మార్చుకోవాలి.

అక్కయ్యకు ఈసారి వీడియో తీసి హోటల్ వైఫై మీద పంపాను. చూసి, బాగుందిగాని అప్పుడు చూసినట్టు లేదురా అన్నారు. మర్నాడు పొద్దున్నే అమ్మాయి ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని మళ్లీ అక్కడికే వెళ్లి, కమ్మీ దగ్గర నిలబడి ఆవిడకు చూపించాను. ఇరవై నిమిషాలు మాట్లాడాము.

ఇక ప్యాకు వేయించుకోవాలా వద్దా అంటే, నా పరిస్థితిని బట్టి మాత్రమే చెప్పగలను. నేను ఎక్కువ కాలం వైఫై ఉన్న ఇంట్లో ఉంటాను, బయటికి వెళితే పక్కన అమ్మాయో అల్లుడుగారో ఉంటారు. నాలాంటివారు ప్యాకును ప్రయాణపు రోజులకు, దిగిన మొదటి వారానికి పరిమితం చేసుకుని, ఆ తరవాత అక్కడి ప్రీపెయిడ్ సిమ్‌నో, పిల్లల ప్లానులో అదనపు లైనునో, ఫోనులో వీలుంటే ఈసిమ్‌నో (విడి కార్డు లేకుండా ఫోనులోనే వేసుకునే సిమ్) డేటాకు వాడుకుని, మన నంబరును ఓటీపీలకే ఉంచుకోవడం మేలు. పది రోజుల పనిమీద ఒంటరిగా వెళ్లి నాలుగు ఊళ్లు తిరిగేవారికి, తమ నంబరు మీదే కాల్స్ అందుకోవలసినవారికి ఈ ప్యాకు ఇప్పటికీ ఉపయోగమే. పలు దేశాలకు కలిపి పనిచేసే ప్యాకులు కూడా ఇప్పుడు వస్తున్నాయి, సరిహద్దు ఊళ్లకు వెళ్లేవారు ఖర్చు కొంచెం ఎక్కువైనా అవే చూసుకోవాలి. కొనేముందు ధర కంటే ముందు దేశాల జాబితా చదవండి, మీరు వెళ్లే దేశం పేరుతో పాటు దాని పక్క దేశం పేరు కూడా అందులో వెతకండి. వచ్చే వేసవిలో మళ్లీ వెళ్లాలని అమ్మాయి అంటోంది. నేను ఈసారి పది రోజుల ప్యాకు చాలనుకుంటున్నాను.