మాల్టానా, క్రీటా? కుటుంబంతో మధ్యధరా దీవికి వెళ్తే ఏది మేలు

మధ్యధరా సముద్రంలో దీవి అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది శాంటోరిని. తెల్ల గోడలు, నీలం గుమ్మటాలు, ఇన్‌స్టాలో సూర్యాస్తమయం. కొత్తగా పెళ్లైన జంటకు రెండు రోజులు బాగానే గడుస్తాయి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి మాత్రం అక్కడ వారం ఉండటం కష్టం. ఎటు చూసినా మెట్లే, క్రూయిజ్ ఓడలు వచ్చిన రోజున సందుల్లో కాలు పెట్టే చోటు ఉండదు, బీచ్‌ల్లో ఉండేది నల్లటి అగ్నిపర్వతపు ఇసుక. అందుకే దాన్ని పక్కన పెట్టి, కుటుంబాలకు నిజంగా పనికొచ్చే రెండు దీవులను తూచి చూద్దాం. ఒకటి మాల్టా, రెండోది గ్రీసుకు చెందిన క్రీట్.

రెండింటికీ షెంగెన్ వీసానే (చాలా యూరప్ దేశాలకు కలిపి ఉన్న ఒకే వీసా), రెండింట్లోనూ యూరోలే, రెండు చోట్లా వేల ఏళ్ల నాటి కట్టడాలున్నాయి. పోలిక అక్కడితో సరి. మాల్టా దేశం, పక్కనున్న గోజో దీవితో కలిపినా, 316 చదరపు కిలోమీటర్లే. క్రీట్ ఎనిమిది వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 260 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు హైదరాబాద్ నుంచి విజయవాడ. కాకపోతే మధ్యలో రెండున్నర వేల మీటర్ల ఎత్తు కొండలున్నాయి, రోడ్డు మన హైవేలా ఉండదు.

కాబట్టి ఫొటోలు చూసే ముందు ఇంట్లో రెండు సంగతులు తేల్చుకోవాలి. చేతిలో ఎన్ని రోజులున్నాయి? కారు ఎవరు నడుపుతారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే దీవి దాదాపు తేలిపోయినట్టే.

కారు సంగతి

మాల్టాలో మనలాగే ఎడమవైపు నడుపుతారు. 1964 దాకా బ్రిటిష్ పాలనలో ఉన్న దేశం కదా, ప్లగ్గులు కూడా బ్రిటన్‌లోలాగే మూడు పలకల పిన్నులవి. ఇంగ్లిష్ అధికార భాషల్లో ఒకటి, కాబట్టి దారి అడగడానికి టెన్షన్ పడక్కర్లేదు. ఇవన్నీ విని కారు తీసుకుందాం అనిపిస్తుంది. తీసుకోకండి. యూరోపియన్ యూనియన్‌లో అన్నిటికంటే జనసాంద్రత ఎక్కువున్న దేశం అది. వీధులు ఇరుకు, ట్రాఫిక్ విపరీతం, పార్కింగ్ దొరకడం అదృష్టం. బస్సులు దేశమంతా తిరుగుతాయి. టికెట్ చలికాలంలో 2 యూరోలు, వేసవిలో రెండున్నర, రెండు గంటల దాకా ఎన్ని బస్సులు మారినా అదే టికెట్. డ్రైవర్లలో మన దేశం వాళ్లు చాలామంది కనిపిస్తారు. జులై, ఆగస్టుల్లో నిండిన బస్సు స్టాపులో ఆపకుండా వెళ్లిపోతుంది, దానికి మాత్రం సిద్ధపడి ఉండాలి. స్లీమా పట్టణం నుంచి రాజధాని వాలెట్టాకు పడవలో వెళ్తే కొద్ది నిమిషాలే, పైగా కోట గోడలు నీళ్ల మీద నుంచి కనిపిస్తాయి.

క్రీట్‌లో వ్యవహారం తలకిందులు. అక్కడ కుడివైపు డ్రైవింగ్. ఇండియన్ లైసెన్సుతో నడపాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, దాన్ని ఇక్కడ ఆర్టీఏలోనే ఇస్తారు, బయల్దేరే ముందే తీసుకోవాలి. ఉత్తర తీరం వెంట ఒకే పెద్ద రోడ్డు ఉంది. చాలాచోట్ల అటొక వరస, ఇటొక వరస. వెనక నుంచి ఎవరైనా తొందరపడితే ముందు కారు సగం రోడ్డు అంచుకు జరిగి దారి ఇవ్వడం అక్కడి అలవాటు. తెలియని వాళ్లకు మొదటి గంట గుండె దడే. హెరాక్లియన్ నుంచి హానియాకు 140 కిలోమీటర్లకు రెండు గంటల పైనే పడుతుంది. దక్షిణ తీరానికి దిగాలంటే అన్నీ హెయిర్‌పిన్ మలుపులు, కారులో వాంతులయ్యే పిల్లలుంటే మాత్రలు దగ్గర పెట్టుకోండి. ఆటోమేటిక్ గేరు కార్లు తక్కువ, ముందే బుక్ చేయకపోతే దొరకవు. బాలోస్ బీచ్‌కి వెళ్లే మట్టిరోడ్డు మీద కారు దెబ్బతింటే చాలా అద్దె కంపెనీల ఇన్సూరెన్స్ వర్తించదు. కిస్సామోస్ రేవు నుంచి పడవలో వెళ్లడమే నయం.

కారు నడపని వాళ్లకు క్రీట్ దండగా అంటే, పూర్తిగా కాదు. కేటీఈఎల్ అనే అక్కడి బస్సులు ఉత్తర తీరం ఊళ్ల మధ్య బాగానే తిరుగుతాయి. హానియాలో మకాం పెట్టి, బస్సుల్లో, పడవల్లో మూడు నాలుగు రోజులు హాయిగా గడపొచ్చు. కానీ మారుమూల బీచ్‌లకు రోజుకు ఒకటో రెండో బస్సులు. అది తప్పితే టాక్సీకి అయ్యే ఖర్చు తలుచుకుంటే ఆ సాయంత్రం ప్రశాంతంగా ఉండదు.

మన సెలవులు, అక్కడి నెలలు

తెలుగు రాష్ట్రాల్లో బడి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. ఆ రోజుల్లో క్రీట్ పచ్చగా ఉంటుంది, కొండల నిండా పూలు. కానీ మే నెలలో సముద్రం ఇంకా చల్లన. విశాఖ సముద్రానికి అలవాటు పడ్డ ఒంటికి ఆ నీళ్లు గట్టిగానే తగులుతాయి. స్నానాలే ముఖ్యం అనుకుంటే జూన్ మొదటి వారానికి జరపండి.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు జులై, ఆగస్టు తప్ప దారి లేదు. అప్పుడు రెండు చోట్లా ఎండ, జనం, ధరలు అన్నీ పైకే. క్రీట్‌లో ఆ నెలల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది. వేడి తగ్గుతుంది గానీ ఉత్తర తీరంలో అలలు లేస్తాయి, ఎర్రజెండా కనిపిస్తే పిల్లల్ని దింపకూడదు. మాల్టాలో ఎండకు రాతి కట్టడాలు కాగి, నీడ వెతుక్కోవాల్సి వస్తుంది.

దసరా సెలవులకు వెళ్లగలిగితే రెండూ బాగుంటాయి. వేసవంతా కాగిన నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, జనం పలచబడతారు.

సంక్రాంతికో, క్రిస్మస్‌కో అయితే ఆలోచించక్కర్లేదు, మాల్టానే. పగటిపూట 15, 16 డిగ్రీలు, దేశమంతా తెరిచే ఉంటుంది. క్రీట్‌లో నవంబరు నుంచి బీచ్ ఊళ్ల హోటళ్లు, దుకాణాలు మూతపడతాయి, కొండల మీద మంచు కురుస్తుంది. హానియా, హెరాక్లియన్ లాంటి పట్టణాలు మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంటాయి.

నీళ్లలో దిగడానికి

ఇక్కడ పోటీయే లేదు, క్రీట్ గెలుస్తుంది. మాల్టా తీరం ఎక్కువగా రాయి. నిచ్చెన పట్టుకుని లోతు నీళ్లలోకి దిగాలి. ఈత వచ్చిన వాళ్లకు అది స్వర్గం, రాని వాళ్లకు ఒడ్డున కూర్చుని టవల్స్ కాపలా కాయడమే. ఇసుక బీచ్‌లు కొన్నే, అవీ ఎక్కువగా వాయవ్యం వైపు. వాటిలో మెల్లీహా దగ్గరిది చాలా దూరం దాకా లోతు లేకుండా ఉంటుంది, పిల్లలకు అది సరిపోతుంది. కొమీనో దీవిలోని బ్లూ లగూన్ నీళ్ల రంగు నిజంగానే ఫొటోల్లోలాగే ఉంటుంది. జనం మాత్రం ఫొటోల్లో ఉండరు! రద్దీ తట్టుకోలేక 2025 నుంచి అక్కడ ముందస్తు స్లాట్ బుకింగ్ పెట్టారు. మరో మాట: పాత ఫొటోల్లో కనిపించే గోజోలోని అజూర్ విండో రాతి తోరణం 2017 మార్చిలో తుఫానుకు కూలిపోయింది. దానికోసం టూరు ప్లాన్ వేయకండి.

క్రీట్‌లో ఎలఫొనీసి బీచ్ ఒక్కటి చాలు. గులాబీ ఛాయ ఇసుక, మోకాళ్ల లోతు నీళ్లు. హానియా నుంచి కారులో గంటన్నర. పొద్దున తొమ్మిదిలోపు చేరితే సుఖం.

చరిత్ర, నడక

రోజులు తక్కువుండి చూడాలన్న ఆశ ఎక్కువుంటే మాల్టాను మించింది లేదు. అప్పట్లో మాల్టాను ఏలిన క్రైస్తవ యోధుల సంఘం సెయింట్ జాన్ యోధులు. 1565లో ఒట్టోమన్ ముట్టడిని తట్టుకున్న ఆ యోధులు మరుసటి ఏడాది పునాది వేసి కట్టుకున్న నగరం వాలెట్టా. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్లొచ్చు. అక్కడి సెయింట్ జాన్స్ కో-కేథడ్రల్‌లో ఇటలీ చిత్రకారుడు కరవాజియో గీసిన పెద్ద చిత్రం ఉంది, ఆయన సంతకం ఉన్నది అదొక్కటే. గోజోలోని గంతీయా ఆలయాలు ఈజిప్టు పిరమిడ్లకంటే పాతవి. నేల కింద తొలిచిన హైపోజియం సమాధులను చూడటానికి రోజుకు 80 మందినే వదులుతారు. విమానం టికెట్ కొన్న రోజే దాని టికెట్ కూడా కొనండి, అక్కడికి వెళ్లాక అడిగితే నవ్వుతారు.

వాలెట్టా వీధులు ఏటవాలు, మెట్లు కూడా ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు రేవు నుంచి పైకి బరాక్కా లిఫ్ట్ ఉంది, 58 మీటర్లు ఒక్కసారిగా ఎక్కిస్తుంది. పైన తోటలో మధ్యాహ్నం పన్నెండుకు ఫిరంగి పేలుస్తారు, పిల్లలు అది మర్చిపోరు.

క్రీట్‌లో క్నోసోస్ రాజప్రాసాదం ఉంది. 1900 నుంచి బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఇవాన్స్ తవ్వించి, కాంక్రీటుతో కొంత తిరిగి కట్టించాడు. అది చూసి నిరాశపడే వాళ్లున్నారు. హెరాక్లియన్ మ్యూజియం చూడకుండా క్నోసోస్ ఒక్కటే చూస్తే నిజంగానే సగమే చూసినట్టు. అసలు కుడ్యచిత్రాల ముక్కలు, ఇప్పటికీ ఎవరూ చదవలేని గుర్తులున్న మట్టి ఫైస్టోస్ పళ్లెం ఉన్నవి మ్యూజియంలోనే.

సమరియా లోయ మే నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది. 16 కిలోమీటర్లు, అంతా దిగుడే, ఐదారు గంటలు. దిగుడే కదా అని తేలిగ్గా తీసుకుంటే మర్నాడు మోకాళ్లు చెబుతాయి. కింద ఆయియా రుమేలి ఊరికి రోడ్డే లేదు, పడవలోనే బయటపడాలి. పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వద్దు. అందులో సగం దూరం ఉండే ఇంబ్రోస్ లోయ వాళ్లకు మేలు.

తిండి

మాల్టాలో ఇండియన్ రెస్టారెంట్లు చాలానే ఉన్నాయి, స్లీమా, సెయింట్ జూలియన్స్ ప్రాంతాల్లో మరీ ఎక్కువ. సాయంత్రానికి అన్నం, పప్పు లేకపోతే నిద్రపట్టని వాళ్లుంటే ఇది చిన్న విషయం కాదు. అక్కడి సొంత వంటల్లో పేరున్నది కుందేలు మాంసం. శాకాహారులకు దక్కేది పస్తిత్సి, మన పఫ్ లాంటిది. బఠాణీదీ ఉంటుంది, రికోటా చీజ్‌దీ ఉంటుంది. పైపొరలకు ఏ కొవ్వు వాడారో అడిగి తీసుకోండి.

క్రీట్‌లో ఇండియన్ హోటళ్లు తక్కువే గానీ, శాకాహారులు ఎక్కువ తృప్తిగా తినేది అక్కడే అని నా అభిప్రాయం. బార్లీ రొట్టె మీద టమాటా, చీజ్, ఆలివ్ నూనె వేసిన దాకోస్, ఉడికించిన అడవి ఆకుకూరలు హోర్తా, పసుపుపచ్చ పప్పు మెత్తగా చేసిన ఫావా, టమాటా గుజ్జులో వండిన పెద్ద చిక్కుడు గింజలు, ఇంకా బంగాళాదుంప, చీజ్ కలిపి బేక్ చేసిన హానియా బురేకి. పైన కాస్త కారప్పొడి చల్లుకుంటే ఇంకేం కావాలి. ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాస వంటకాలను నిస్తీసిమో అంటారు, వాటిలో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ రొయ్యలు, స్క్విడ్‌లకు ఆ ఉపవాసంలో అడ్డు లేదు, కాబట్టి ఆ పేరు చూసి నమ్మేయొద్దు. గమోపిలాఫో అనే పెళ్లి అన్నం చూడ్డానికి తెల్లగా అమాయకంగా ఉంటుంది, వండేది మాంసం ఉడికిన నీళ్లలో.

ఇంటి నుంచి ఆవకాయ, పొడులు పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని యూరోపియన్ యూనియన్ అనుమతించదు, పట్టుకుంటే చెత్తబుట్టలో పడేస్తారు.

సరే, ఏది?

నాలుగైదు రోజులే ఉంటే, కారు నడిపేవాళ్లు లేకపోతే, చలికాలమైతే మాల్టా. అందులో ఒక రాత్రి గోజోలో ఉండండి, ఉదయం వెళ్లి సాయంత్రానికి పరిగెత్తి రావడం కంటే ఎంతో నయం. చిర్కెవ్వా రేవు నుంచి ఫెర్రీలో 25 నిమిషాలు, టికెట్ డబ్బులు తిరుగు ప్రయాణంలోనే తీసుకుంటారు.

వారం, పది రోజులుండి, కొండరోడ్ల మీద ధైర్యంగా నడిపేవాళ్లుంటే క్రీట్. మాల్టాలో వారం దాటితే చూసిందే చూస్తారు. క్రీట్‌లో పది రోజులకూ తూర్పు సగం మిగిలే ఉంటుంది. ఒకే చోట మకాం పెట్టి దీవంతా తిరగాలనుకోవద్దు, రోజూ నాలుగు గంటలు కారులోనే పోతాయి. సగం రోజులు హానియా, సగం రోజులు హెరాక్లియన్ లేదా ఆయియోస్ నికోలాస్. హానియా, హెరాక్లియన్ రెండు చోట్లా విమానాశ్రయాలున్నాయి కాబట్టి ఒకదాంట్లో దిగి మరోదాంట్లో ఎక్కేలా టికెట్ తీసుకుంటే వెనక్కి నడిపే పని తప్పుతుంది. శాంటోరిని మీద ఆశ చావకపోతే వేసవిలో హెరాక్లియన్ నుంచి స్పీడ్ బోటులో రెండు గంటలు, ఒక రాత్రి ఉండి రావచ్చు.

ఖర్చులో ఒకటి చాలామంది లెక్కలో వేసుకోరు. గ్రీసులో హోటల్ స్థాయిని బట్టి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా గదికి రాత్రికి 2 నుంచి 15 యూరోల పన్ను ఉంది, ఎక్కువగా హోటల్ కౌంటర్లోనే కట్టించుకుంటారు.

వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నా పాస్‌పోర్టు ఇండియాదైతే ఇది తప్పదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి చేసుకోవచ్చు. వేసవికైతే అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని, కాబట్టి సంక్రాంతి పిండివంటలు అయిపోగానే తేదీ పట్టుకోండి. వీసా చేతికొచ్చే దాకా హోటళ్లు మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే రకమే బుక్ చేయండి.