ఓజేఎస్‌తో రెండేళ్లు: జిల్లా నుంచి గ్రంథాలయ పత్రిక నడుపుతున్నవాళ్ల అనుభవం

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. గ్రంథాలయ శాస్త్రం మీద ఒక ఓపెన్ యాక్సెస్ పత్రికను, అంటే ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోగలిగేది, రాసేవాళ్ల దగ్గర కూడా పైసా తీసుకోనిది, నలుగురం కలిసి రెండేళ్లుగా నడుపుతున్నాం. నలుగురిలో ఇద్దరు విజయనగరం వాళ్లు. ఆరు నెలలకో సంచిక. దీనికి మేం వాడేది ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్, అందరూ ఓజేఎస్ అంటారు. ఈ మధ్య వేరే కాలేజీల లైబ్రేరియన్లు ఫోన్ చేసి "మాస్టారూ, అది మనవల్ల అవుతుందా?" అని అడుగుతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను. అవుతుంది. కష్టమంతా సాఫ్ట్‌వేర్ దగ్గర కాదు, తెలుగు అక్షరం దగ్గర ఉంది. అది ముందే తెలిసుంటే మాకు ఒక ఏడాది కలిసొచ్చేది.

ఓజేఎస్‌ని తయారుచేసింది పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్. కెనడాలో జాన్ విలిన్‌స్కీ 1998లో మొదలుపెట్టిన సంస్థ అది. సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, దించుకుని ఎవరి సర్వర్‌లో వాళ్లు పెట్టుకోవచ్చు. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకి చెందిన సమాచార కేంద్రం డెసిడాక్ తెచ్చే గ్రంథాలయ పత్రిక కూడా దీని మీదే నడుస్తోంది. అంత పెద్ద పత్రికకీ, మా నలుగురి పత్రికకీ ఒకటే సరంజామా అని తెలిసినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది.

మొదటి సంచికని మేం ఈమెయిళ్లతోనే లాక్కొచ్చాం. ఒక వ్యాసం ఒకే సమీక్షకుడికి, అంటే అచ్చుకి ముందు చదివి బాగోగులు చెప్పే నిపుణుడికి, రెండుసార్లు వెళ్లింది, ఇంకొకటి రెండు నెలలు ఎవరికీ వెళ్లలేదు. ఆ రచయిత ఫోన్ చేసి మర్యాదగానే అడిగారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఓజేఎస్‌లో ఆ బాధ లేదు. వ్యాసం రావడం, సమీక్ష, భాషా సవరణ, ప్రచురణకి సిద్ధం చేయడం అని నాలుగు మెట్లు ఉంటాయి, ఏ వ్యాసం ఏ మెట్టు మీద ఉందో, ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఆగిందో తెర మీదే కనిపిస్తుంది. ఎవరు ఏ తేదీన ఏం చేశారో అన్నీ రికార్డవుతాయి. సంపాదకుడి దగ్గరి బంధువు వ్యాసం వచ్చినా సరే, ఆ వరుస తప్పించడానికి మొహమాటం అడ్డొస్తుంది.

సమీక్షకుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన రెండు జిల్లాల్లో లైబ్రేరియన్లం దాదాపు అందరం ఒకరికొకరు తెలుసు, రచయిత పేరు తీసేసి సమీక్షకి పంపినా రెండు పేరాలు చదివితే ఎవరు రాశారో చెప్పేస్తాం. అందుకని తిరుపతి, అనంతపురం, హైదరాబాద్ వైపు వాళ్లని వెతుక్కున్నాం. వాళ్లలో పెద్దవాళ్లకి కొత్తగా లాగిన్, పాస్‌వర్డ్ అంటే విసుగు. ఓజేఎస్‌లో సమీక్షకుడికి వెళ్లే లింక్ నొక్కగానే లాగిన్ లేకుండా వ్యాసం తెరుచుకునే ఏర్పాటు ఉంది. అది ఆన్ చేశాక గానీ మాకు సమీక్షలు సకాలంలో రాలేదు. గుర్తుచేసే ఉత్తరాలు వాటంతటవే వెళ్లే సదుపాయం కూడా ఉంది, కానీ దాని షెడ్యూల్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవాలి, నడవకపోతే వెళ్లవు.

ఈమెయిళ్ల దగ్గర మేం బాగా దెబ్బతిన్నాం. మేం తీసుకున్న చౌక హోస్టింగ్‌లో, అంటే అద్దె సర్వర్‌లో, పత్రిక నుంచి వెళ్లే ఉత్తరాలన్నీ స్పామ్‌లో పడ్డాయి. నెలన్నర పాటు ఇద్దరు సమీక్షకులు పలకలేదని నేను లోపల లోపల నొచ్చుకున్నాను, తీరా ఫోన్ చేస్తే వాళ్లకి అసలు ఉత్తరమే అందలేదు. హోస్టింగ్ కంపెనీ వాళ్లని అడిగితే తప్పు మీదేనన్నారు. చివరికి మా కాలేజీ కంప్యూటర్స్ లెక్చరర్ సాయంత్రాలు కూర్చుని ఎస్ఎంటీపీ సెట్టింగులు, అంటే ఈమెయిల్ బయటికి పంపే ఏర్పాట్లు, సరిచేసి పెట్టాడు. హోస్టింగ్‌కి ఏడాదికి నాలుగైదు వేలు చాలు, కానీ ఇలాంటి ఒక మనిషి తోడు లేకుండా దిగొద్దు. ఇంకొకటి, వచ్చిన వ్యాసాల ఫైళ్లు దాచే ఫోల్డర్ బయటివాళ్లకి కనిపించే చోట ఉండకూడదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చాలామంది ఇది పట్టించుకోరు, సమీక్ష పూర్తికాని వ్యాసాలు అక్కణ్ణించే బయటపడతాయి.

ఇక తెలుగు. మా పత్రికలో సగం వ్యాసాలు తెలుగులో ఉండాలని మొదటిరోజే అనుకున్నాం. శాఖా గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లు తమ అనుభవం తమ భాషలో రాయాలన్నదే మా పట్టుదల. వ్యాసాలు వచ్చాయి, కానీ ఎక్కువభాగం పాత డీటీపీ ఫాంట్లలో. పీడీఎఫ్ చూస్తే ముత్యాల్లా ఉంటుంది, దాంట్లోంచి రెండు మాటలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వస్తాయి. కంటికి తెలుగే గానీ కంప్యూటర్‌కి అది తెలుగు కాదు. అలాంటి వ్యాసాన్ని పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ ఏం పట్టుకుంటుంది?

ఏ కంప్యూటర్ అయినా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్పించాం. అయినా ఒక వ్యాసం వెతికితే దొరకడం లేదు. శీర్షికలో "గ్రంథాలయం" అనే మాట స్పష్టంగా కనిపిస్తోంది, టైప్ చేసి వెతికితే రాదు. రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాక తేలిందేంటంటే, టైప్ చేసిన కుర్రాడు సున్నా బదులు అంకెల్లోని తెలుగు సున్నా కొట్టాడు: గ్ర౦థాలయ౦. "ఏటి మాస్టారూ, రెండూ సున్నాలే కదా" అన్నాడు. చూపుకి నిజంగా తేడా లేదు, కానీ కంప్యూటర్‌కి ఒకటి అక్షరం పక్కన పెట్టే గుర్తు, ఇంకొకటి అంకె. ఇప్పుడు ఏ వ్యాసం వచ్చినా మొదట చేసేది ఆ అంకె సున్నాని వెతికి మార్చడమే. మొన్నటి సంచికలో ఒక్క వ్యాసంలోనే పేజీకి పది పన్నెండు దొరికాయి.

ఇక్కడ ఓజేఎస్ చాలా ఆదుకుంది. శీర్షిక, సారాంశం, కీలకపదాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ విడివిడిగా నింపే గళ్లు ఇస్తుంది. గూగుల్ స్కాలర్‌కి కావలసిన ట్యాగులు తనే పెడుతుంది. యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్‌లో కూడా తెలుగు ఒత్తులూ గుణింతాలూ ఒక్కోసారి చెదిరిపోతాయి కాబట్టి, ప్రతి తెలుగు వ్యాసాన్నీ పీడీఎఫ్‌తో పాటు హెచ్‌టీఎంఎల్‌గా, అంటే మామూలు వెబ్ పేజీగా, కూడా పెడుతున్నాం. ఒకే వ్యాసానికి రెండు రూపాలు పెట్టుకోనిస్తుంది. పని రెట్టింపు అవుతుంది, నిజమే. ఫోన్‌లో చదివేవాళ్లకి కూడా ఇదే హాయి. స్కాలర్ 5 ఎంబీ దాటిన ఫైళ్లు తీసుకోదు, కాబట్టి ఫొటోలు కుదించడం మరవొద్దు.

పత్రికకి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్ఎస్ఎన్ ఢిల్లీలోని జాతీయ కేంద్రం ఇస్తుంది, రుసుము లేదు. ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య డీఓఐ మాత్రం ఇంకా తీసుకోలేదు. దాన్ని ఇచ్చే క్రాస్‌రెఫ్ సంస్థకి ఏటా డాలర్లలో సభ్యత్వం కట్టాలి, పైన ఒక్కో కొత్త వ్యాసానికి ఒక డాలరు. సొంత జేబులతో నడిచే పత్రికకి అది భారమే, ఏదైనా కాలేజీ ముందుకొస్తే చూస్తాం. ఓపెన్ యాక్సెస్ పత్రికల జాబితా డీఓఏజేలో దరఖాస్తుకి ఖర్చు లేదు, కానీ కొత్త పత్రికకి ఏడాదికి మించిన చరిత్రో, కనీసం పది పరిశోధన వ్యాసాలో ఉండాలి. మా పత్రిక యూజీసీ కేర్ జాబితాలో, అంటే యూజీసీ గుర్తించిన పత్రికల జాబితాలో, ఉందా అని ఇప్పటికీ అడుగుతున్నారు. ఆ జాబితానే 2025లో ఎత్తేశారు. ఇన్నాళ్లూ ఆ ముద్ర చూసి వ్యాసం పంపడమే గానీ పత్రిక తెరిచి చదివినవాళ్లు తక్కువ.

నాకు అన్నిటికంటే నచ్చింది భద్రపరిచే ఏర్పాటు. తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం ఉన్న ఊరు మాది. కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో దాన్ని తెరిచారు, ఎక్కడెక్కడి పాత పత్రికలూ తిరిగి సేకరించి పెట్టారు. ఒక చిన్న పత్రిక ఆగిపోతే దాని సంచికలు ఎంత త్వరగా మాయమవుతాయో ఈ ఊళ్లో లైబ్రేరియన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా మిత్రుడి లైబ్రరీలో బైండు చేసిన పాత సంచికలు రెండు అరల నిండా తడిసి ముద్దయిపోయాయి, విడదీస్తే కాగితం చేతికే వచ్చింది. ఓజేఎస్ వాడే పత్రికలకి, ఐఎస్ఎస్ఎన్ ఉండి ఒక సంచిక వచ్చి ఉంటే, పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ వాళ్ల భద్రపరిచే నెట్‌వర్క్‌లో ఉచితంగా చేరే వీలుంది. వేర్వేరు చోట్ల కాపీలు ఉంటాయి. మేం ఐఎస్ఎస్ఎన్ వచ్చిన వారమే చేరాం.

తక్కువ మార్కులు వేయాల్సినవీ ఉన్నాయి. కొత్తగా వచ్చిన సంపాదకుడికి తెర మీద మెనూలు చూస్తే కంగారు పుడుతుంది, అలవాటు కావడానికి నెల పడుతుంది. వెర్షన్ మార్చడం పెద్ద పనే, బ్యాకప్ లేకుండా ముట్టుకోకూడదు. రిజిస్ట్రేషన్ తెరిచి వదిలేస్తే దొంగ ఖాతాలు వందల్లో వచ్చిపడతాయి. మేం దీర్ఘకాల మద్దతుతో వచ్చిన పాత వెర్షన్ 3.3 మీదే ఉన్నాం, వేసవి సెలవుల్లో మారుస్తాం.

మొదలుపెట్టేవాళ్లు ముందు సొంత కంప్యూటర్‌లో ఒక ఉత్తుత్తి పత్రిక పెట్టి, ఒక తెలుగు వ్యాసాన్ని మొదటి మెట్టు నుంచి చివరిదాకా నడిపించి చూడండి, సున్నాలతో సహా. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లెవరైనా శనివారం మధ్యాహ్నం మా లైబ్రరీకి వస్తే మాది తెరిచి చూపిస్తాను.