సిట్కా స్ప్రూస్ టాప్ ఉన్న గిటారు: పదమూడేళ్లు వాడాక

2012 డిసెంబరులో సియాటిల్ దగ్గర ఒక చిన్న వాయిద్యాల దుకాణంలో సెకండ్ హ్యాండ్‌లో ఈ గిటారు కొన్నాను. పైపలక సాలిడ్ (పొరలు అతికించని అసలు చెక్క) సిట్కా స్ప్రూస్, అంటే ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో పెరిగే సూదాకుల చెట్టు కలప. వెనక భాగం, పక్కలు మహోగని. పదమూడేళ్లుగా దాదాపు రోజూ అరగంటైనా వాయిస్తున్నాను. కంపెనీ పేరు ఇక్కడ చెప్పడం లేదు, ఎందుకంటే నేను చెప్పదలుచుకున్నదంతా ఆ పైపలక గురించే. గిటారు గొంతులో ఎక్కువ భాగం ఆ పలకదే.

మాది బొబ్బిలి. ఇంట్లో అమ్మ వీణ ఉండేది, ఒకే పనస దుంగలోంచి చెక్కింది. దాన్ని ఒళ్లోకి తీసుకుంటేనే బరువు తెలిసేది. నాదం కావాలంటే చెక్క గట్టిగా, బరువుగా ఉండాలనే నమ్మకం నాకు అక్కడి నుంచే వచ్చింది. ఆ దుకాణదారు ఇంకా గిటారుకి అతికించని ఒక స్ప్రూస్ పలక తీసి, అంచున రెండు వేళ్లతో పట్టుకుని, మధ్యలో వేలితో కొట్టి చూపించాడు. మూడు మిల్లీమీటర్ల మందం కూడా లేని లేత రంగు చెక్క కంచు గిన్నెలా ఖంగుమంది. నా నమ్మకం ఆ రోజే మారింది.

సిట్కా స్ప్రూస్ గొప్పదనం ఒక్క ముక్కలో చెప్పాలంటే, తేలికగా ఉంటూనే బిగువుగా ఉండటం. ఎండిన చెక్క ఘనపు మీటరుకి సుమారు 425 కిలోలు, అంటే నీటి బరువులో సగం కూడా లేదు. అయినా పోగు వెంబడి వంచబోతే సులభంగా వంగదు. అడ్డంగా మాత్రం పది రెట్లకు మించి మెత్తన. అందుకే పలక లోపలివైపు ఇంటూ గుర్తు ఆకారంలో సన్నని పట్టీలు అతికిస్తారు, అవి కూడా ఎక్కువగా స్ప్రూస్‌వే. ఆరు స్టీలు తీగలు కలిపి డెబ్భై కిలోల పైచిలుకు బలంతో బ్రిడ్జిని (పలక మీద తీగలు కట్టే పట్టీని) లాగుతుంటే, ఆ పలుచని పలక అన్నేళ్లూ తట్టుకోవాలి, పైగా కంపించాలి. బరువైన చెక్కయితే తట్టుకుంటుంది కానీ కదలదు. మెత్తని చెక్కయితే కదులుతుంది కానీ ఉబ్బిపోతుంది.

గొంతు ఎలా ఉంటుందంటే, తీగ మీటగానే స్వరం మొదలు స్పష్టంగా వినిపిస్తుంది. గట్టిగా వాయించినా స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసి ముద్దకావు. మిత్రుడి గిటారు సీడర్ అనే మరో చెక్క టాప్‌ది. వేలితో మెల్లగా మీటితే అదే ముందు పలుకుతుంది, వెచ్చగా ఉంటుంది. కానీ పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) జోరు పెంచితే ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. సిట్కాకి ఆ హద్దు చాలా దూరం. ఈ చెక్క చేతి బలం అడుగుతుంది, మొదటి ఏడాది నాకు కాస్త బిర్రుగానే అనిపించింది.

2018లో అమ్మ సియాటిల్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం దీని మీద మోహన స్వరాలు మీటి చూసింది. "గంట మోగినట్టుందిరా, కానీ తొందరగా ఆగిపోతంది" అంది. నిజమే. వీణలో లాగా స్వరాన్ని పట్టుకుని ఊపుతూ గమకం సాగదీద్దామంటే ఇక్కడ నాదం అంతసేపు నిలవదు. తీగకిచ్చిన బలాన్ని ఈ పలక వెంటనే గాలిలోకి వదిలేస్తుంది. ఆ తత్వం వల్లే గిటారు అంత గట్టిగా వినిపిస్తుంది. కర్ణాటక సంగీతం కోసమే కొనాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

కాలంతో వచ్చిన మార్పు గురించి అందరూ అడుగుతారు. రంగు మారడం కళ్లకు కనిపిస్తుంది. కొన్నప్పుడు మీగడ రంగు, ఇప్పుడు పల్చటి తేనె రంగు. గొంతు విషయానికొస్తే, నాలుగైదేళ్లకి మంద్ర స్వరాలు విచ్చుకున్నాయి. వారం రోజులు పెట్టెలో ఉంచి తీస్తే మొదటి పది నిమిషాలు మూసుకుపోయినట్టు ఉంటుంది, తర్వాత దారిలో పడుతుంది.

ఇక లోపాలు. మొదటిది తేమ. సియాటిల్‌లో చలికాలమంతా బయట వాన, ఇంట్లో మాత్రం హీటరు వల్ల గాలి ఎండిపోతుంది. 2015 జనవరిలో గిటారుని హీటరు గాలి వచ్చే జాలీ పక్కన స్టాండు మీద వదిలేశాను. పది రోజుల తర్వాత చూస్తే బ్రిడ్జి కింద పోగు వెంబడి తొమ్మిది సెంటీమీటర్ల చీలిక. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాగుచేసే ఆయన ముందు చెక్కకి నెమ్మదిగా తేమ పట్టించి, చీలిక దానంతట అది దగ్గరయ్యాక జిగురు పెట్టి, లోపల చిన్న స్ప్రూస్ బిళ్లలు అడ్డంగా అతికించాడు. ఇప్పటివరకు మళ్లీ తెరుచుకోలేదు. అప్పటి నుంచి పెట్టెలో తేమ మీటరు పెట్టి, 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూస్తున్నాను.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అనుభవం విశాఖలో. జూన్‌లో మూడు వారాలు అక్కడుంటే సముద్రపు గాలికి పలక ఉబ్బి, తీగలు మెడ మీది మెట్ల (ఫ్రెట్ల) నుంచి పైకి లేచి, ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బారే కార్డు పట్టడం కష్టమైంది. తిరిగొచ్చాక నెలలోపు సర్దుకుంది. మన తీర ప్రాంతంలో ఉండేవాళ్లు వర్షాకాలంలో పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి మూసి ఉంచడం తప్పనిసరి.

రెండో లోపం, వంచబోతే బిగువే అయినా చెక్క ఉపరితలం మెత్తన. గోరు గట్టిగా దిగితే గుంట పడుతుంది. పిక్ తగిలే చోట వార్నిష్ పోయి చెక్క కనిపిస్తోంది.

ఇంకొకటి నా పొరపాటు వల్ల తెలిసింది. పెరట్లో మొక్కల మడి కట్టడానికి చవగ్గా దొరికిన స్ప్రూస్ పలకలు వాడాను. నాలుగో ఏటికే మట్టి తగిలిన వైపు పుచ్చిపోయాయి. ఈ చెక్కకి ఆరుబయట ఆయుష్షు లేదు. ఆ పనికి రెడ్ సీడర్ కొనుక్కోండి.

గిటారు చీలిన తర్వాతే ఆ చెట్టుని చూడాలనిపించింది. సియాటిల్ నుంచి మూడు గంటల ప్రయాణంలో క్వినాల్ట్ సరస్సు ఉంది. అక్కడి పెద్ద సిట్కా స్ప్రూస్ ఎత్తు 58 మీటర్లు, చుట్టుకొలత దాదాపు 18 మీటర్లు, వయసు వెయ్యేళ్లంటారు. మొదలు దగ్గర నిలబడితే మనిషి వేరులోని మడతలా కనిపిస్తాడు. ఎత్తులో ఇదే గొప్పదేం కాదు, ఈ జాతిలో తొంభై మీటర్లు దాటినవి ఉన్నాయి. బెరడు పల్చటి పొలుసులుగా రాలుతుంది. కింద పడ్డ రెమ్మ ఒకటి చేతిలోకి తీసుకున్నాను, సూదుల్లాంటి ఆకులు అరచేతిలో గుచ్చుకున్నాయి.

అలాస్కాలోని కోడియాక్ దీవి దగ్గర మొదలై ఉత్తర కాలిఫోర్నియా దాకా, సముద్రం పక్కన సన్నని పట్టీలోనే ఇది సహజంగా పెరుగుతుంది. తీరం నుంచి ఎనభై కిలోమీటర్లు దాటి లోపలికి అరుదుగా వస్తుంది. పొగమంచు, ఉప్పుగాలి, కొన్నిచోట్ల ఏడాదికి మూడు మీటర్ల పైన కూడా కురిసే వాన, ఇదీ దాని ఇల్లు. క్వినాల్ట్‌కి ఉత్తరాన ఉన్న హో లోయ అడవిలో పడిపోయిన మాను మీద స్ప్రూస్ మొలకలు వరసగా లేచి ఉంటాయి. కింది మాను కుళ్లిపోయాక పెద్ద చెట్లు వేళ్ల కాళ్ల మీద వరసలో నిలబడి మిగులుతాయి. అంత తేమలో పుట్టిన చెక్కని హీటరు పక్కన పెట్టానే అని ఆ రోజు చాలాసేపు బాధపడ్డాను.

ఇంకా ఉత్తరాన క్రెసెంట్ సరస్సు ఒడ్డున 'స్ప్రూస్ రైల్‌రోడ్' అనే నడక దారి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలకి ఈ చెక్కే కావాల్సి వచ్చింది. తేలిక, బలం, తూటా తగిలినా పేళ్లుగా చిట్లకపోవడం కారణాలు. అమెరికా సైన్యం వేలాది సైనికులతో ప్రత్యేక స్ప్రూస్ దళాన్నే పెట్టి, రైలు మార్గం వేయించింది. 1918 నవంబరులో మార్గం పూర్తయ్యేసరికి యుద్ధం ముగిసిపోయింది. ఆ రైలు యుద్ధం కోసం ఒక్క దుంగ కూడా మోయలేదు. ఆ తీరపు ఆదివాసులైన హైదా, ట్లింగిట్ ప్రజలు అంతకు ఎంతో ముందు నుంచి దీని వేళ్లను చీల్చి టోపీలు, బుట్టలు అల్లుతున్నారు. మ్యూజియంలో ఆ అల్లిక చూస్తే చెట్టుని కొట్టకుండానే దాన్ని ఎంత బాగా వాడుకోవచ్చో తెలుస్తుంది.

నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. గిటారు పైపలకకి ముడుల్లేని, పోగు దగ్గరగా ఉన్న వెడల్పాటి చెక్క కావాలి. అది ఎక్కువగా వందల ఏళ్ల చెట్ల నుంచే వస్తుంది. అలాంటి అడవి చాలావరకు ఇప్పటికే కొట్టేశారు. కూలిన మానుల నుంచి, పాత వంతెనల దుంగల నుంచి తీసిన పలకలతో చేసిన గిటార్లు దొరుకుతున్నాయి. మళ్లీ కొంటే అలాంటిదే కొంటాను, లేదా ఇలాగే సెకండ్ హ్యాండ్.

కొనేవాళ్లకి ఒక్క సూచన. 'స్ప్రూస్ టాప్' అని రాసి ఉన్నంత మాత్రాన సాలిడ్ అని కాదు, చాలా చవక గిటార్లలో పైన పల్చటి పొర మాత్రమే ఉంటుంది. మధ్య రంధ్రం అంచున వేలు పెట్టి చూడండి. పైనున్న గీతలు అంచు మందంలోంచి కిందిదాకా సాగితే సాలిడ్. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. నేర్చుకునేవాళ్లకి, ఎక్కువ ప్రయాణాలు చేసేవాళ్లకి ప్లైవుడ్ నయమే, తేమకి టెన్షన్ పడక్కర్లేదు. రోజూ వాయిస్తూ, పెట్టెలో మీటరు చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకి మాత్రం సిట్కానే చెబుతాను.

మెట్లు అరిగిపోయాయి, వచ్చే నెల మార్పించాలి. బ్రిడ్జి ఇదివరకే ఒకసారి అతికించాం. పలక అదే.