రెండు రూపాయల ‘తల్లిదండ్రుల ధ్రువీకరణ’తో జాగ్రత్త

బడి వాట్సాప్ గ్రూపులన్నింటిలో తిరుగుతున్న, టోపీ పెట్టుకున్న ఏనుగు పిల్ల బొమ్మ ఉండే ఆ పిల్లల ఆట గురించే రాస్తున్నాను. పేరు చెప్పకపోయినా ఇంట్లో ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలున్నవారికి అర్థమవుతుంది. నిన్న నా ఖాతాలోంచి వాళ్లు 4,999 రూపాయలు లాగేసుకున్నారు. వాళ్ల కస్టమర్ కేర్‌తో మాట్లాడి ఫోన్ పెట్టిన వెంటనే ఇది రాస్తున్నాను కనుక మాట కాస్త పరుషంగా ఉంటే మన్నించండి.

ఆట చెడ్డదని నేను అనను. మా పాప అందులో ఊళ్లు కట్టింది, వంతెన ఎంత పొడవుండాలో లెక్కలు వేసుకుంది, బెంగళూరులో ఉన్న మా అక్క కొడుకుతో కలిసి ఆడుతూ తెగ మురిసిపోయింది. ప్రకటనలు ఉండవని, ముక్కూమొహం తెలియనివారు పలకరించరని, మొదటి వారం ఉచితమని అన్నారు. పద్దెనిమిదేళ్లు నిండనివారి వివరాలు తీసుకోవాలంటే తల్లి లేదా తండ్రి సమ్మతి ఉండాలని 2023 నాటి డేటా పరిరక్షణ చట్టం చెబుతోంది కదా, దానికోసమేనంటూ ‘మీరు తల్లిదండ్రులేనని ధ్రువీకరించండి, 2 రూపాయలు చెల్లించండి’ అని తెర మీద చూపించారు. పిల్లల భద్రత గురించి ఇంత పట్టింపు ఉన్నవాళ్లు దొరికారని సంతోషించి మరీ యూపీఐ పిన్ కొట్టాను. ఆ రెండు రూపాయల అడుగున, బూడిద రంగు అక్షరాల్లో, వారం తరువాత ఏడాది చందా దానంతటదే కోసుకునే ఆటోపేకు నేను ఒప్పుకున్నట్లు రాసి ఉంది. నా తెలివికి వీరతాడు వేయాలి.

ఆటోపేకు ఒక్కసారి పిన్ కొడితే చాలు, ఆపైన 15,000 రూపాయల లోపు కోతలకు సాధారణంగా మళ్లీ పిన్ అడగరు. ఒక రోజు ముందు సందేశం మాత్రం వస్తుంది. నాకూ వచ్చింది. అది మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు, మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో పాపను భుజాన ఎత్తుకుని ఉన్నవాడు ఇంగ్లీషులో వచ్చిన బ్యాంకు సందేశం చదువుతాడా?

డబ్బు పోయిందని ఫోన్ చేస్తే, తెలుగులోనే, ఎంతో మర్యాదగా ఒక అబ్బాయి మాట్లాడాడు. ‘పిన్ మీరే కొట్టారు కదా సార్, అది మీ సమ్మతి’ అన్నాడు. డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదని, కావాలంటే పాప ఖాతాలో రెండు వేల నక్షత్రాలు వేస్తామని చెప్పాడు. నక్షత్రాలతో బియ్యం రావు బాబూ అన్నాను. అంతటితో ఆగి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదేమో. ‘అయితే ఒకసారి పాపకు ఫోన్ ఇవ్వండి సార్, తనకు ఆట ఉంచుకోవాలని ఉందో లేదో తననే అడుగుదాం’ అన్నాడు. పాప నా పక్కనే ఉంది, స్పీకర్‌లో అంతా వింటోంది, ఆ మాటకు దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు రూపాయలు తీసుకునేటప్పుడు వీళ్లకు తండ్రి కావాలి, ఐదు వేలు తిరిగి ఇవ్వాల్సి వచ్చేసరికి తొమ్మిదేళ్ల పిల్ల కావాలి! పిల్లను అడ్డుపెట్టుకుని తండ్రి నోరు మూయించమని ఆ అబ్బాయికి ఎవరో నేర్పించే ఉంటారు, వాడంతట వాడికి తట్టే మాట కాదది.

సరే, రద్దు చేద్దామని చూస్తే అక్కడా అదే వరస. రద్దు మీట నొక్కగానే ఆ ఏనుగు పిల్ల టోపీ తీసేసి వెక్కి వెక్కి ఏడుస్తుంది. ‘నన్ను వదిలి వెళ్లకు’ అని పెద్ద ఆకుపచ్చ గడిలో ఉంటుంది, ‘వెళ్లిపోతాను’ అన్నది మాత్రం కంటికి ఆనని అక్షరాల్లో ఉంటుంది. ఇలా సిగ్గుపడేలా చేసి ఆపడాన్నీ, చందా ఉచ్చులో బిగించడాన్నీ కేంద్రం 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల (అంటే యాప్‌లలో వాడేవారిని మభ్యపెట్టే ఎత్తుల) మార్గదర్శకాలు పేరు పెట్టి మరీ నిషేధించాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఈ రెండింటి మీదా ఫిర్యాదు నమోదు చేయించాను.

2025లో ఆన్‌లైన్ ఆటల చట్టం వచ్చింది కదా, ఇలాంటివన్నీ ఆగిపోయాయని మా తోడల్లుడిలా నిశ్చింతగా ఉండకండి. ఆ చట్టం నిషేధించింది డబ్బు పందెం పెట్టి ఆడే ఆటలను, చందా కట్టి ఆడుకునే ఆటలకు అందులో చోటుంది.

ఫోన్‌లోంచి ఆటను తీసేసినంత మాత్రాన ఆటోపే పోదు. మీ యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి, అక్కడున్న అనుమతిని రద్దు చేయాలి. ఉచిత వారం ఇంకా పూర్తి కానివారు ఈ రాత్రే ఆ పని చేయండి, డబ్బు ఇప్పటికే పోయినవారు 1915కు ఫోన్ చేయండి.